వనభోజనాలకు ముందు వాగు చూద్దాం

సియాటెల్ చుట్టుపక్కల తెలుగువాళ్లం వేలల్లో ఉన్నాం. సెలవొస్తే మౌంట్ రెయినియర్ దాకా కారు తోలుకుంటూ వెళ్తాం. దగ్గర్లోని ఇసాక్వా ఊరి నడుమ పారే వాగు దగ్గర ఆగేవాళ్లు తక్కువ. సాల్మన్ చేపల మీద పిల్లలకు శ్రద్ధ కలగాలంటే ముందు ఆ ఒడ్డుకే తీసుకెళ్లాలంటాను.

అక్టోబరులో సముద్రం నుంచి ఎదురీదుకుంటూ వచ్చిన చినూక్ సాల్మన్లు అక్కడ కనిపిస్తాయి. మా అమ్మాయి ఒక ఆడచేపనే చూస్తూ నిలబడిపోయింది. అది పక్కకు ఒరిగి, గుడ్లకు చోటు చేసుకోవడానికి తోకతో గులకరాళ్లను తవ్వుతోంది. కొట్టీ కొట్టీ తోక అంచు చర్మం ఊడి తెల్లబడింది. గుడ్లు పెట్టాక అది చచ్చిపోతుందని చెబితే, "మరి ఈ నీళ్లు పాడైతే గుడ్లేమవుతాయమ్మా?" అంది.

జవాబు మా వీధిలోనే ఉంది. రోడ్డు పక్క జాలీలో పడే వాననీరు చాలాచోట్ల శుద్ధి కాకుండానే వాగులో కలుస్తుంది. టైర్లు పగుళ్లివ్వకుండా కలిపే 6పీపీడీ రసాయనం ఓజోన్ తగిలి విషంగా మారుతుందనీ, కోహో అనే మరో రకం సాల్మన్లు గుడ్లు పెట్టకముందే చనిపోవడానికి అదే కారణమనీ వాషింగ్టన్ రాష్ట్ర శాస్త్రవేత్తలు 2020లో తేల్చారు. ఆ నీటినే ఇసుక, కంపోస్టు కలిపిన మట్టిలోంచి వడకడితే కోహోలు బతుకుతున్నాయి. చినూక్‌ల పరిస్థితీ బాగాలేదు. ఇక్కడి సముద్రపు పాయ పూజెట్ సౌండ్‌లోని చినూక్‌ను ముప్పున్న జాతుల జాబితాలో చేర్చింది 1999లో. ఎక్కువగా వాటినే తిని బతికే ఇక్కడి ఓర్కా తిమింగలాలకూ ఇప్పుడు తిండి కరువైంది.

గుడ్లు పెట్టడానికి ఎదురీదే చేప పడే ఈ బాధ గోదావరి జిల్లాలవాళ్లకు అర్థంకానిది కాదు. వరదకు ఎదురీదే పులసకు ధవళేశ్వరం ఆనకట్ట అడ్డం. పులస ధర చెప్పేవాళ్లు ఎందరో ఉన్నారు, దాని దారి గురించి పిల్లలకు చెప్పేవాళ్లే కావాలి.

కోహోలు వాగెక్కే రోజులూ కార్తీక మాసమూ దాదాపు ఒకేసారి వస్తాయి. మన సంఘాలు వనభోజనాలకు ముందు ఓ గంట పిల్లల్ని వాగు ఒడ్డున నిలబెట్టాలి. కారు ఇంటి ముందు కడగకుండా, నీటిని మురుగుశుద్ధికి పంపే కార్ వాష్‌కు తీసుకెళ్లాలి. పార్కింగ్ స్థలం నీరు మట్టిలో ఇంకి వెళ్లేలా మొక్కల మడులు వేయమని మా కాలనీ సంఘాన్ని అడగబోతున్నాను. మనవాళ్లు పదిమంది తోడొస్తే ఆ పని అయి తీరుతుంది.