తెరమీద క్యాన్సర్, ఊళ్ళో మోకాలి నొప్పి

మన సినిమాల్లో క్యాన్సర్ వచ్చినవాడు బతికి బట్టకట్టడం అరుదు. 1981లో ‘ప్రేమాభిషేకం’ చూసి హాళ్ళకి హాళ్ళే ఏడ్చాయి. కథకి అది అవసరం, కాదనను. కానీ ఆ కన్నీళ్ళతోపాటు ‘క్యాన్సరంటే చావే, ఇక పరీక్షలెందుకు’ అన్న మాట కూడా మన బుర్రల్లో నాటుకుపోయింది.

మా మార్కాపురం, గిద్దలూరు వైపు ఇంకో చిక్కుంది. పలకలకి పేరుపడ్డ ఈ గడ్డమీద చాలా ఊళ్ళ బోరునీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువ. కీళ్ళ నొప్పులు ఇంటింటి కథే. అందుకే ఎవరు కాలు నొప్పన్నా “నీళ్ళ దోషంలే అబ్బయ్యా” అని తీర్పు చెప్పేస్తారు. ముసలాళ్ళ విషయంలో అది నిజం కావచ్చు. పద్నాలుగేళ్ళ పిల్లాడికి ఒక్క మోకాలి దగ్గరే నొప్పి, రాత్రుళ్ళు నిద్రలేపే నొప్పి, దాంతోపాటు వాపు, వారాలు గడిచినా తగ్గకపోతే? పాపం నీళ్ళమీదికి తొయ్యకండి.

ఆస్టియోసార్కోమా అనే ఎముక క్యాన్సర్ ఎక్కువగా వచ్చేది ఎముక ఎదిగే ఆ వయసులోనే, ఎక్కువగా మోకాలి చుట్టూనే. ఆటలో దెబ్బ తగిలిందని నూనె రాసి తోమిస్తారు, కట్టు కట్టిస్తారు. దెబ్బవల్ల ఈ జబ్బు రాదండీ, అప్పటికే ఉన్నది దెబ్బతో బయటపడుతుందంతే. తోమితే నష్టమే. ముందు ఎక్స్‌రే తీయించాలి. అనుమానం వస్తే ఎమ్మారై, ఛాతీ స్కాను, ఆపైన ముక్క పరీక్ష. ఆ ముక్క కూడా ఎక్కడపడితే అక్కడ కాదు, ఆపరేషన్ చెయ్యబోయే క్యాన్సర్ ఆస్పత్రిలోనే తీయాలి. కోత దారి తప్పితే తర్వాత కాలు నిలపడం కష్టమౌతుంది.

1970లకి ముందు కాలు తీసేయడమే వైద్యం. అయినా నూటికి ఇరవైమంది మిగలడం గగనంగా ఉండేది. కంటికి కనపడని కణాలు అప్పటికే ఊపిరితిత్తుల్లో చేరి ఉండేవి మరి. ఇప్పుడు ముందు కొన్ని వారాలు కీమో మందులు, తర్వాత ఆపరేషన్, మళ్ళీ మందులు. జబ్బు వేరే చోటికి పాకకముందే పట్టుకుంటే నూటికి 60, 70 మంది గట్టెక్కుతున్నారు. చాలామందికి కాలు ఉంచి, చెడిన ఎముక తీసి లోహపు కీలు వేస్తున్నారు. కాలే తీయాల్సొస్తే? 1985లో ‘మయూరి’ చూశాం కదా! సుధాచంద్రన్ కాలు పోయింది క్యాన్సర్‌తో కాదు, ప్రమాదంలో. కానీ జైపూర్ కాలితో ఆమె ఆడిన నాట్యం మాత్రం నిజం.

నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది మధ్యలో మానెయ్యడం. రెండు విడతల మందుతో నొప్పి తగ్గగానే ‘నయమైంది’ అని ఇంటికొచ్చేస్తారు. జుట్టు ఊడుతుంది, వాంతులౌతాయి, నెలల తరబడి తిరగాలి, నిజమే. ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవగా నడుస్తున్న పథకంలో క్యాన్సర్ వైద్యం ఉంది. గిద్దలూరులోనో మార్కాపురం రోడ్డు స్టేషన్‌లోనో రైలెక్కితే గుంటూరు, అక్కడి పెద్దాస్పత్రిలో క్యాన్సర్ విభాగం. ఇంకా పైకి పోవాలంటే హైదరాబాదులో ఎమ్.ఎన్.జె., రామారావుగారి భార్య పేరుతో వెలసిన బసవతారకం ఆస్పత్రి. వెళ్ళేటప్పుడు మొట్టమొదట తీయించిన ఎక్స్‌రే ఫిల్ము పారెయ్యకుండా సంచిలో పెట్టుకోండి. వాపు ఎంత వేగంగా పెరిగిందో డాక్టరుగారికి దాన్లోనే తెలుస్తుంది.