మన ల్యాప్‌టాప్‌లో పరాయి తాళాలు

ఆధార్ మీద మనవాళ్లు ఎన్ని రాత్రులు వాదించుకున్నారో గుర్తుందా? గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చినప్పుడు మనమే కేసు గెలిచినంత సంబరపడ్డాం. మా వివరాలు మీ దగ్గర ఎందుకని ప్రభుత్వాన్ని నిలదీసినవాళ్లలో నేనూ ఉన్నాను. అలాంటి నా ల్యాప్‌టాప్‌లో మొన్న లెక్కపెడితే నావి కాని పాస్‌వర్డ్‌లు 23 తేలాయి.

నేను నిజ్వాలో పాఠాలు చెప్పుకునే మాస్టర్ని. శుక్రవారం పొద్దున కోట దగ్గర మేకల సంత ముగిశాక మనవాళ్లు ఒకరిద్దరు మా ఇంటికి రావడం ఏళ్లనాటి అలవాటు. జగిత్యాల వైపు నుంచి వచ్చిన మేస్త్రీలు, రాయచోటి నుంచి ఇళ్లలో పనికొచ్చిన అక్కచెల్లెళ్లు. ఒకరికి ఊళ్లో బ్యాంకు ఖాతా చూడాలి, ఒకరికి పాస్‌పోర్టు రెన్యువల్, ఇంకొకరికి జీతం ఇవ్వని యజమాని మీద మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు. ప్రవాస ఓటరుగా నమోదుకు ఫారం 6ఎ నింపించుకున్నవాళ్లూ ఉన్నారు. (నమోదైనా ఊరెళ్లి స్వయంగా వేస్తేనే ఓటు. ఆ అన్యాయం మీద ఇంకోసారి రాస్తాను.) టైపు చేసేది నేను. పని కాగానే మూలన చిన్న పెట్టె లేచి పాస్‌వర్డ్ దాచమంటావా అని అడిగేది. టీ చల్లారిపోతోందని సరే నొక్కేవాణ్ణి. సంకేతపదం అని రాసే మిత్రులున్నారు గానీ మా ఇంటికొచ్చేవాళ్లు దాన్ని పాస్‌వర్డే అంటారు, నేనూ అదే అంటాను.

ఆమధ్య స్క్రీన్ పగిలితే ల్యాప్‌టాప్‌ని ఒక రిపేరు కొట్లో ఇచ్చాను. బాగైందో లేదో చూసుకోవడానికి లాగిన్ పాస్‌వర్డ్ కావాలంటే చీటీ మీద రాసిచ్చాను. నాలుగు రోజులుంది అక్కడ. ఏమీ జరగలేదు, నాకు తెలిసినంతవరకు. ఇంటికి తెచ్చుకున్నాక అనుమానం పుట్టి క్రోమ్ సెట్టింగుల్లో పాస్‌వర్డ్‌ల జాబితా తెరిచాను. 23 సంగతి అప్పుడే బయటపడింది.

ఇది కొత్త గొడవ కాదు. 2013లో ఇలియట్ కెంబర్ అనే డెవలపర్, క్రోమ్‌లో దాచిన పాస్‌వర్డ్‌లు ఒక్క నొక్కుతో ఎవరికైనా కనిపిస్తున్నాయని రాస్తే పెద్ద రభస అయింది. మీ కంప్యూటర్‌లోకి ఒకడు మీలాగే లాగిన్ అయితే ఇక దాపరికం అన్నదే లేదన్నట్టు క్రోమ్ భద్రతా విభాగం నుంచి జవాబొచ్చింది. తర్వాత కంప్యూటర్ పాస్‌వర్డ్ అడిగే ఏర్పాటు చేశారు. అయితే ఆ అడ్డు చూడ్డానికే. సైట్ తెరిస్తే మామూలుగా ఏమీ అడక్కుండానే నింపేస్తుంది. పైగా నేను కొట్లో రాసిచ్చింది సరిగ్గా ఆ పాస్‌వర్డే. ఫైర్‌ఫాక్స్‌లో జాబితాకు వేరే తాళం పెట్టుకునే వీలు మొదట్నుంచీ ఉంది. 2020లో దాని పేరు ప్రైమరీ పాస్‌వర్డ్ అని మార్చారు. మీలో ఎంతమంది పెట్టుకున్నారు? నేనైతే పెట్టుకోలేదు.

రిపేరు కొట్టు ఒక్కటే భయం కాదు. బ్రౌజర్లు దాచినవాటిని ఊడ్చుకుపోవడానికే రాసిన దొంగ ప్రోగ్రాములున్నాయి. అలాంటి రెడ్‌లైన్, మెటాల సర్వర్లను 2024 అక్టోబరులో నెదర్లాండ్స్ పోలీసులు, అమెరికా ఎఫ్‌బీఐ, ఇంకొన్ని దేశాలవాళ్లు కలిసి పట్టుకున్నారు. అంతటితో ఆ జాతి అంతరించలేదు. పిల్లలు ఆటల కోసం దొంగ సాఫ్ట్‌వేర్ ఒకటి దించుకుంటే చాలు.

బ్రౌజర్‌లో దాచుకోవడమే తప్పని నేననను. పది చోట్లా ఒకే పాస్‌వర్డ్ వాడేకంటే అది నయం. మీది మీరు దాచుకుంటే నష్టం మీదే. ఆ మేస్త్రీ మాత్రం నా పెట్టెలో తన తాళం ఉందని కూడా ఎరగడు. అతన్ని అడిగిందెవరు?

రెండు నెలలుగా ఒక్కొక్కరినీ పిలిచి తిరిగి అప్పగిస్తున్నాను. వాళ్ల ఫోన్లో వాళ్లే కొత్త పాస్‌వర్డ్ పెట్టుకుంటారు, వాళ్ల నోటుబుక్కులో వాళ్లే రాసుకుంటారు. ఆ తర్వాత నా జాబితాలోంచి తీసేస్తాను. నా గూగుల్ ఖాతాతో కలిసి ఉంది కాబట్టి హైదరాబాదులో అదే ఖాతాతో మావాడు వాడే ట్యాబ్‌లోకీ ఇవన్నీ చేరాయి. అక్కడా పోయాయో లేదో మావాడి చేత చూపించుకున్నాను. ఇక వచ్చేవాళ్ల పని అజ్ఞాత కిటికీలోనే, దాచమనే ప్రశ్నే రాకుండా.

అందరికీ ఇది నచ్చలేదు. "గది మీ తాననే ఉండనియ్యుండ్రి సారూ, నా తాన ఉంటె పోతది" అన్నాడు ఒకాయన. నమ్మకంతో అన్న మాట. ల్యాప్‌టాప్ నాలుగు రోజులు ఎక్కడుందో ఆయనకి అప్పుడే చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత జేబులోంచి ఫోను తీసి, ఎట్ల పెట్టాల్నో చూపించమన్నాడు.

సంఘాలు నడిపే మిత్రులు కూడా ఒకసారి చూసుకోవాలి. సంఘం ఈమెయిలు, విరాళాల ఖాతా పాస్‌వర్డ్‌లు ఎవరి బ్రౌజర్‌లో ఉన్నాయి? గల్ఫ్ వదిలి వెళ్లిపోయిన పాత కార్యదర్శి ల్యాప్‌టాప్‌లోనేనా?

నా దగ్గర ఇంకా మూడు మిగిలాయి. అందులో ఇద్దరు వచ్చే శుక్రవారం వస్తామన్నారు. మూడో ఆమె రాయచోటి తిరిగి వెళ్లిపోయింది, పాత నంబరు పలకడం లేదు. ఆ వైపు వెళ్లే మనిషి చేత కబురు పంపాను.