ఒకటికి పది మొక్కలు, అడవికి సున్నా

చెట్టుకు ఖరీదు కట్టే విద్య దేశ రాజధానికి బాగా తెలుసు. ఒకటి నరికితే పది మొక్కలు నాటాలి, ఇంత రుసుము చెల్లించాలి. లెక్క సరిపోతే పర్యావరణానికి న్యాయం జరిగినట్టే. ఈ లెక్కల పుస్తకంలో అడవికి మాత్రం పద్దు లేదు. దక్షిణ రిడ్జ్ ఉదంతం నేర్పిన పాఠం ఇదే.

కేంద్ర సాయుధ పోలీసు బలగాల కోసం మైదాన్ గఢీలో నిర్మించిన వైద్య విజ్ఞాన సంస్థకు వెళ్లే దారిని వెడల్పు చేయడానికి 2024 ఫిబ్రవరిలో డీడీఏ సుమారు 1,100 చెట్లను నరికించింది. రిడ్జ్‌పై చేయి వేయాలంటే సుప్రీంకోర్టు అనుమతి తప్పనిసరి. ఆ అనుమతి కోసం డీడీఏ కోర్టుకెక్కింది కూడా. అయితే చెట్లు అప్పటికే నేలకూలాయన్న సంగతి చెప్పలేదు. మార్చి 4న న్యాయమూర్తులు అనుమతి నిరాకరించే సమయానికి అక్కడ మిగిలినవి మొద్దులే.

2025 మే 28న సుప్రీంకోర్టు దీన్ని ధిక్కారంగా తేల్చి, బాధ్యులైన అధికారులకు తలా 25,000 రూపాయల జరిమానా విధించింది. ఆసుపత్రి ప్రజాప్రయోజనాన్ని గుర్తించింది. ఈ దారి వల్ల లబ్ధి పొందిన సంపన్నులను గుర్తించి, వారి నుంచి సొమ్ము వసూలు చేయాలని కూడా ఆదేశించింది. జవాన్లకు ఆసుపత్రి అక్కరలేదని ఎవరూ అనరు. అయితే ఆ జవాను పేరు చెప్పి వేసిన దారి ఇంకెవరి వాకిళ్లకు విలువ పెంచిందో ఆ ఒక్క ఆదేశం చెప్పకనే చెప్పింది.

తప్పు మీదంటే మీదని పార్టీలు నెలల తరబడి తగవులాడాయి. డీడీఏకు అధ్యక్షుడు కేంద్రం నియమించిన లెఫ్టినెంట్ గవర్నర్. చెట్ల సంరక్షణ చట్టం నుంచి మినహాయింపు ఇచ్చింది ఆప్ ప్రభుత్వ హయాంలోని అటవీ శాఖ. అన్ని విషయాల్లో కత్తులు నూరుకునే రెండు అధికార కేంద్రాల మధ్య గొడ్డలి దగ్గర మాత్రం అడ్డు లేకపోయింది.

ఇంత సులువుగా ఎలా సాధ్యమైంది? రిడ్జ్ మన కంటికి అడవిలా కనిపించకపోవడమే కారణం. పచ్చిక, పూలమొక్కలు, నడకదారి ఉంటే మధ్యతరగతి దాన్ని ప్రకృతి అంటుంది. రాళ్లు, ముళ్లు, నక్కలు ఉంటే బీడు అంటుంది. బ్రిటిష్ హయాంలో నాటిన సర్కారు తుమ్మ రిడ్జ్‌ను ఆక్రమించిన మాట నిజమే. దానికి మందు ఆరావళికి సహజమైన ధవ వంటి జాతులను ఓపికగా తిరిగి తేవడం, తారు పరచడం కాదు. గురుగ్రామ్, ఫరీదాబాద్‌ల నడుమ మాంగర్ బనీలో అదే ధవ వనాన్ని దైవభూమిగా నమ్మి గ్రామస్థులు తరతరాలుగా కాపాడుకున్నారు. వారికి చూపునిచ్చింది ఏ గణాంకమూ కాదు.

ప్రభుత్వ గణాంకాలను చూస్తే అంతా పచ్చగానే ఉంటుంది. 2023 అటవీ స్థితి నివేదిక ప్రకారం అడవి, చెట్ల విస్తీర్ణం కలిపి ఢిల్లీలో సుమారు 371 చదరపు కిలోమీటర్లు, అంటే నగరంలో నాలుగో వంతు. హెక్టారుకు మించిన నేలలో పది శాతం చెట్ల నీడ ఉంటే చాలు, అది పండ్లతోటైనా ఆ నివేదికకు అటవీ విస్తీర్ణమే. ఈ కొలతలో రిడ్జ్ పోయి ఎక్కడో తోట పెరిగితే నష్టమే కనిపించదు.

తెలుగువారికి ఇది దూరపు కథ కాదు. 2025 వసంతంలో కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాలపైకి బుల్డోజర్లు వెళ్లినప్పుడు తెలంగాణ ప్రభుత్వ వాదన ఏమిటి? రికార్డుల్లో అది అటవీ భూమి కాదని. అక్కడా చెట్ల నరికివేతను ఆపింది సుప్రీంకోర్టే. అక్కడ కాంగ్రెస్, ఇక్కడ బీజేపీ, ఆప్. జెండాలు వేరు, చూపు ఒక్కటే.

1994లో తొలి ప్రకటన వెలువడినా, రిడ్జ్‌లో అత్యధిక భాగం మూడు దశాబ్దాల పాటు తుది ప్రకటనకు నోచుకోలేదు. ఇకనైనా అడగవలసింది ఎన్ని మొక్కలు నాటారని కాదు, ఎంత అడవిని ముట్టకుండా వదిలారని. 25,000 రూపాయలతో తీరిపోయే తప్పును ఏ అధికారీ తప్పుగా భావించడు. ఖర్చుగా రాసుకుంటాడు.