ఎనభై ఎవరి లెక్క?

రిచ్ స్ట్రైక్ పేరెత్తితే చాలు, అద్భుతం అంటారు. 2022 మే 7న అమెరికాలో కెంటకీ డెర్బీ గెలిచిన ఆ గుర్రం ధర ఎనభైకి ఒకటి మరి. 2 డాలర్ల టికెట్టుకు 163 డాలర్ల 60 సెంట్లు వచ్చాయి. డెర్బీలో అంతకు మించిన ధర మీద గెలిచింది 1913లో డోనరెయిల్ ఒక్కటే. అయినా అద్భుతమన్న మాట నాకు మింగుడు పడదు.

ఆ ఎనభై ఎవరు కట్టిన ధర? అక్కడ పందెం సొమ్మంతా ఒకచోట పోగవుతుంది. నిర్వాహకులు తమ వాటా తీసుకుని, మిగిలింది నెగ్గిన టికెట్లకు పంచుతారు. మలక్‌పేట రేస్‌కోర్సులో టోట్ కిటికీ దగ్గర నిలబడ్డవాళ్లకు ఇది తెలిసిందే. కాబట్టి ఎనభై అన్నది గుర్రం సత్తాకు కొలత కాదు, జనం ఎంత జంకారన్న లెక్క.

జంకారంటే తప్పు పట్టలేం. అంతకుముందు ఏడుసార్లు పరిగెత్తి గెలిచింది ఒక్కసారి. అదీ క్లెయిమింగ్ రేసు. అందులో దిగే ప్రతి గుర్రానికీ ముందే ఒక ధర ఉంటుంది. రేసుకు ముందు చీటీ వేసినవాళ్లు, ఫలితం ఏదైనా, ఆ ధరకు తోలుకుపోవచ్చు. ట్రైనర్ ఎరిక్ రీడ్ 30,000 డాలర్లకు అలాగే తెచ్చుకున్నాడు. డెర్బీలో 20 గుర్రాలకే చోటు, దీనికి దక్కలేదు. ముందురోజు పొద్దున ఎథీరియల్ రోడ్ అనే గుర్రం తప్పుకున్నాక పిలుపొచ్చింది, అదీ అన్నిటికన్నా బయటి గేటుకి.

కానీ ఆ ఒక్క గెలుపు ఎక్కడ? డెర్బీ జరిగే చర్చిల్ డౌన్స్ మట్టి మీదే, 17 లెంగ్తులకు, అంటే 17 గుర్రాల నిడివికి, పైగా తేడాతో! గెలిచిన రేసు చిన్నదని, గెలిచిన తీరును ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

ఇక ఆనాటి పరుగు. సమ్మర్ ఈజ్ టుమారో, క్రౌన్ ప్రైడ్ అనే గుర్రాలు పోటీపడి తొలి పావు మైలు 21.78 సెకన్లలో లాగేశాయి. డెర్బీలో అంత వేగంగా ఎన్నడూ మొదలవలేదు. మైలుంపావు రేసులో ఆ వేగం నిలుస్తుందా? సమ్మర్ ఈజ్ టుమారో ఆఖరున వచ్చింది. ఫేవరెట్ ఎపిసెంటర్, జాండన్ పక్కపక్కన పెనుగులాడుతుంటే, ఎక్కడో వెనకున్న రిచ్ స్ట్రైక్‌ను జాకీ సానీ లియోన్ లోపలి రైలింగ్ వెంట తీసుకొచ్చాడు. దారిలో అలసిన మరో గుర్రం మెసియేని చుట్టి మళ్లీ రైలింగ్ పట్టాడు. ముప్పావు లెంగ్తు తేడాతో గెలుపు. పైనుంచి తీసిన వీడియో చూడండి, అందులో మంత్రమేమీ లేదు, ఓపికా సందు వెతుక్కునే చూపూ ఉన్నాయి. (గెలిచాక, పట్టుకోవడానికి వచ్చిన రౌతు గుర్రాన్ని కొరికింది. అంత పరుగెత్తీ చేవ తగ్గలేదన్నమాట.)

రెండు వారాల్లో ప్రీక్నెస్, ట్రిపుల్ క్రౌన్ మూడు రేసుల్లో రెండోది. యజమాని, ట్రైనర్ దింపలేదు. ట్రిపుల్ క్రౌన్ ఆశ వదిలేసి గుర్రానికి విశ్రాంతి ఇవ్వడం నాకు నచ్చింది. మూడోదైన బెల్మాంట్‌లో ఆరో స్థానం, ఆపైన ఒక్క గెలుపూ లేదు. దాంతో డెర్బీ గాలివాటమని తేల్చేశారు. ఆ రోజు దీని వెనక రెండోదిగా వచ్చిన ఎపిసెంటర్ మాత్రం ఆగస్టులో మరో పెద్ద రేసు ట్రావర్స్ గెలిచింది. అంటే రిచ్ స్ట్రైక్ ఓడించింది సామాన్యమైన గుర్రాన్ని కాదు.