ఈ గుండె ఎవరిది అన్నయ్యా?

సంక్రాంతికి ఊరెళ్తూ ఈసారి బ్యాగులో హెడ్‌సెట్ కూడా పెట్టుకున్నా. ఆఫీసు పర్మిషన్‌తోనే లెండి. మెడికల్ స్టూడెంట్ల కోసం మేమో మిక్స్‌డ్ రియాలిటీ యాప్ చేస్తున్నాం. మా పిన్ని కూతురేమో ఎంబీబీఎస్ మొదటి సంవత్సరం. టెస్టింగ్‌కి ఇంతకన్నా మంచి యూజర్ ఎక్కడ దొరుకుతుంది?

భోజనాలయ్యాక చెల్లికి హెడ్‌సెట్ తగిలించా. టీపాయ్ మీద, అరిసెల డబ్బా పక్కన, ఓ గుండె కొట్టుకోవడం మొదలుపెట్టింది. తను చుట్టూ తిరిగింది. వంగి కింద నుంచి చూసింది. చేత్తో ఒక పక్క గోడ తీసేసి లోపలి కవాటాలు చూసింది. అమ్మమ్మకి మాత్రం ఖాళీ టీపాయ్ చుట్టూ ప్రదక్షిణలు చేస్తున్న మనవరాలే కనిపించింది. "దీనికేమైందిరా?" అని కంగారుపడింది పాపం.

వీఆర్ అయితే మన గదిని పూర్తిగా మూసేసి ఇంకో లోకం చూపిస్తుంది. మిక్స్‌డ్ రియాలిటీలో మన గది అలాగే ఉంటుంది. హెడ్‌సెట్‌లోని సెన్సర్లు గోడలు, బల్లలు ఎక్కడున్నాయో కొలుస్తాయి. అందుకే బొమ్మ టీపాయ్‌ని వదిలి జారిపోదు. పక్కవాళ్లూ పెట్టుకుంటే అదే గుండెని అదే చోట చూస్తారు. లెక్చరర్ వేలు పెట్టి "ఇదిగో ఇక్కడ" అంటే క్లాసంతా అక్కడికే చూస్తుంది.

ఇది కొత్తేం కాదు. అమెరికాలో కేస్ వెస్టర్న్ రిజర్వ్ యూనివర్సిటీ, క్లీవ్‌లాండ్ క్లినిక్ కలిసి మైక్రోసాఫ్ట్ హోలోలెన్స్ మీద 'హోలోఅనాటమీ' తయారుచేశాయి. 2020లో కోవిడ్‌తో కాలేజీ మూతపడినప్పుడు 185 మంది మొదటి సంవత్సరం విద్యార్థులు ఎవరింట్లో వాళ్లుండి హెడ్‌సెట్లతో అనాటమీ క్లాసు విన్నారు. ఖరీదు మాత్రం అడక్కండి. 2019లో హోలోలెన్స్ 2 ధర 3,500 డాలర్లు, అప్పటి లెక్కన రెండున్నర లక్షలకు దగ్గర. 2024లో దాని తయారీ కూడా ఆపేశారు.

సరే, మా హాల్లోకి వద్దాం. నేను పొగడ్త కోసం ఎదురుచూస్తున్నా. చెల్లి హెడ్‌సెట్ తీసి, "ఈ గుండె ఎవరిది అన్నయ్యా?" అంది.

"ఎవరిదేంటి? మోడల్ కొన్నాం, మార్పులు చేశాం."

"అది కాదు. మా టేబుల్ మీద ఒక పెద్దాయన ఉన్నారు. పేరు చెప్పరు. మేం తాతగారు అంటాం. మొదటిరోజు ఆయన ముందు నిలబడి ప్రమాణం చేశాం. ఫార్మలిన్‌కి కళ్లు మండుతుంటాయి, అయినా నరమేదో రక్తనాళమేదో వేళ్లతో తడిమితేనే తెలుస్తుంది. పుస్తకంలో ఉన్నట్టు ఏదీ ఉండదు. నీ గుండె మరీ పుస్తకంలా ఉంది."

కొంచెం చురుక్కుమంది. కానీ తను చెప్పింది విన్నాక నోరు మూసుకున్నా. గుండె వెనక వైపు కిందికి దిగే ఒక ధమని ఉంటుందట. ఎక్కువమందిలో అది కుడి కరోనరీ ధమని నుంచి వస్తుంది, కొందరిలో ఎడమ వైపు నుంచి. గుండెపోటులో ఏ నాళం మూసుకుంటే ఎంత కండరం దెబ్బతింటుందన్నది దీన్నిబట్టి మారుతుంది. నా యాప్‌లో వందమంది చదివినా వందమందికీ ఒకటే గుండె. ఒకటే కుడివైపు దారి. దాన్నే 'కరెక్ట్' అనుకుని బయటికెళ్తారు.

కోడ్‌లో ఎన్ని బగ్స్ పట్టుకున్నానో! ఇది మాత్రం ఏ టెస్ట్ కేస్‌లోనూ పడలేదు. ఎందుకంటే అన్నీ మేం అనుకున్నట్టే పనిచేస్తున్నాయి.

నేనూ ఒక మాట అడిగా. "మరి నాది వేస్టా?"

"ఎందుకు వేస్ట్? తాతగారి గుండె కొట్టుకోదు కదా. కవాటం తెరుచుకోవడం ఇవాళే సరిగ్గా అర్థమైంది. అక్కడ ఒకసారి కోస్తే అయిపోయినట్టే, ఇక్కడ మళ్లీ అతికించొచ్చు. పరీక్ష ముందు రాత్రి ఇది నాకిస్తావా?"

ఇవ్వలేదు, ఆఫీసు వస్తువు.

హైదరాబాద్ వచ్చి టికెట్ రాశా: 'రెండో గుండె కావాలి'. మేనేజర్ దాన్ని తర్వాతి స్ప్రింట్‌కి తోశాడు, ఆ తర్వాత ఇంకో స్ప్రింట్‌కి. పోయిన వారం హాస్టల్ నుంచి చెల్లి వాట్సాప్ చేసింది. డిసెక్షన్ హాల్లో ఫొటోలు తీయకూడదు కాబట్టి నోట్‌బుక్‌లో పెన్సిల్‌తో బొమ్మ గీసింది. ధమని ఎడమ వైపు నుంచి వస్తోంది. కింద 'తాతగారిది' అని రాసింది.

ఆ పేజీని టికెట్‌కి అటాచ్ చేశా. సోమవారం పని మొదలైంది.