అంకె సరే... కొలిచిందెలా?

తెలుగువారి ఇళ్లలో ఫ్రిజ్ మీదో, టీవీ పక్క అరలోనో ఇప్పుడు చిన్నపాటి ల్యాబ్ ఉంటోంది. బీపీ మెషీన్, గ్లూకోమీటర్, కొవిడ్ రోజుల్లో హడావుడిగా కొన్న ఆక్సీమీటర్, డిజిటల్ థర్మామీటర్. పొద్దున్నే నాన్న బీపీ, అమ్మ షుగర్ ఫ్యామిలీ గ్రూపులో పడిపోతాయి. బెంగళూరులో ఉన్న అమ్మాయి, డాలస్‌లో ఉన్న అబ్బాయి చూసుకుంటారు. అంకె బాగుంటే ఒక దండం బొమ్మ. బాగోకపోతే వెంటనే ఫోన్. 'నిన్న 138 ఉందిగా, ఇవాళ 156 ఏంటి? మళ్లీ ఆవకాయ వేసుకున్నావా?'

ఇంట్లో కొలుచుకోవడం మంచి అలవాటే. చిక్కల్లా ఆ అంకె చూసి మనం చేసే పనులతోనే. 156 కనిపించగానే రాత్రి వేసుకోవాల్సిన మాత్రను పొద్దున్నే వేసేసుకోవడం, 110 కనిపిస్తే 'తగ్గిపోయిందిలే' అని మానేయడం చాలా ఇళ్లలో జరుగుతున్నవే. పెద్ద వయసులో బీపీ మాత్ర ఒకటి ఎక్కువైతే లేచి నిలబడేసరికి కళ్లు తిరిగి పడిపోవచ్చు. తుంటి ఎముక విరగడానికి అదొక్కటి చాలు. మాత్ర మానేస్తే పక్షవాతం ముప్పు పొంచి ఉంటుంది. ఇంత పెద్ద నిర్ణయానికి ఆధారమైన ఆ అంకె ఎలా పుట్టిందో మాత్రం మనం అడగం. పెట్రోలు బంకులో సున్నా చూపించమంటాం, కూరగాయల బండి దగ్గర త్రాసు ముల్లు చూస్తాం. ఒంటి సంగతికి వచ్చేసరికి తెర మీద ఏది కనిపిస్తే అదే వేదం!

బీపీ సంగతే చూద్దాం. 1733లో ఇంగ్లండ్‌కు చెందిన స్టీఫెన్ హేల్స్ అనే క్రైస్తవ మతాచార్యుడు, గుర్రం ధమనికి గొట్టం తగిలిస్తే అందులో రక్తం ఎనిమిది అడుగులకు పైగా ఎగబాకిందని రాశాడు. రక్తపోటును నేరుగా కొలవడమంటే అది. మనుషులకు రోజూ అలా చేయలేం కదా. అందుకే 1896లో ఇటలీ వైద్యుడు రివా-రోచి, చేతికి గాలిపట్టీ చుట్టి పాదరసం గొట్టంతో కొలిచే పద్ధతి తెచ్చాడు. 1905లో రష్యా సైనిక వైద్యుడు కొరొట్కాఫ్ పట్టీ కింద స్టెతస్కోప్ పెట్టి, వినిపించే శబ్దాలను బట్టి పై అంకె, కింది అంకె చెప్పొచ్చని చూపించాడు. స్టెతస్కోప్‌తో బీపీ చూసే డాక్టర్లు ఈనాటికీ వినేది ఆ శబ్దాలనే.

ఇంట్లో బటన్ నొక్కితే పనిచేసే మెషీన్ ఏ శబ్దమూ వినదు. నాడి కొట్టుకున్నప్పుడల్లా పట్టీలోని గాలిలో వచ్చే సన్నని అదురును పట్టుకుంటుంది. ఆ అదురు అన్నిటికంటే బలంగా ఉన్నచోట ఉండే పీడనం మన సగటు రక్తపోటుకు దగ్గరగా ఉంటుంది. పై అంకె, కింది అంకె రెండూ అక్కడి నుంచి లెక్కగట్టినవి. ఆ లెక్క కంపెనీని బట్టి మారుతుంది, దాన్ని బయటపెట్టేవారు తక్కువ. అంటే తెర మీది 138/86 అచ్చంగా కొలిచిన అంకె కాదు, అంచనా. పరీక్షకు నిలిచిన మెషీన్లలో అది మంచి అంచనానే. గుండె లయ తప్పి కొట్టుకునేవారిలో మాత్రం అదురు ఒక్కో దెబ్బకు ఒక్కోలా ఉంటుంది కాబట్టి, నిమిషం తేడాతో రెండు అంకెలు పొంతన లేకుండా రావచ్చు. మెషీన్ పాడైందని వాళ్లు దాన్ని పక్కన పడేయకుండా, ఆ విషయం డాక్టర్‌కు చెప్పడం మేలు.

పట్టీ కథ ఇంకా పాతది. రివా-రోచి వాడిన పట్టీ వెడల్పు అయిదు సెంటీమీటర్లే. అది పోటును ఎక్కువ చేసి చూపించేది. 1901లోనే ఫాన్ రెక్లింగ్‌హౌజెన్ అనే జర్మన్ వైద్యుడు వెడల్పు పట్టీ కావాలని తేల్చాడు. నూటపాతికేళ్లు కావొస్తున్నా చాలా క్లినిక్కుల్లో సన్నని చేతికీ, లావుపాటి చేతికీ అదే పట్టీ! ఇది చిన్న విషయమని అనుకోవద్దు. అమెరికాలో 2023లో వెలువడిన ఒక అధ్యయనంలో, బాగా పెద్ద పట్టీ కావాల్సిన వారికి మామూలు పట్టీ చుట్టి చూస్తే పై అంకె సగటున 20 పాయింట్ల దాకా ఎక్కువ వచ్చింది. సన్నని చేతుల వారికి అదే పట్టీ వదులై, అంకె కాస్త తక్కువ వచ్చింది. 20 పాయింట్లంటే బీపీ లేని మనిషిని జీవితాంతం మాత్రలు మింగే మనిషిగా మార్చడానికి సరిపోయే తేడా. పట్టీ లోపలి గాలిసంచి పొడవు చేతి చుట్టుకొలతలో 80 శాతం దాకా ఉండాలన్నది నియమం. చేతి చుట్టుకొలత తెలుసుకోవడానికి దర్జీ టేపు చాలు. మెషీన్ పెట్టె మీద ఆ పట్టీ ఎన్ని సెంటీమీటర్ల చేతికో రాసే ఉంటుంది.

చెయ్యి ఎక్కడ పెట్టామన్నదీ అంతే ముఖ్యం. ఇందులో వైద్యం కన్నా భౌతికశాస్త్రమే ఎక్కువ. పట్టీ గుండె కంటే పది సెంటీమీటర్లు కిందికి ఉంటే, ఆ మేరకు రక్తస్తంభం బరువు కలిసి అంకె సుమారు 8 పాయింట్లు పెరుగుతుంది. డాబా మీది ట్యాంకు ఎత్తు పెరిగేకొద్దీ కింది కుళాయిలో ధార పెరిగినట్టే. 2024లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు 133 మందిలో దీన్ని చూశారు. చెయ్యి ఒళ్లో పెట్టుకుంటే పై అంకె దాదాపు 4, పక్కకు వేలాడదీస్తే 6.5 పాయింట్లు ఎక్కువ వచ్చింది. టేబుల్ మీద, గుండె ఎత్తులో ఆనించి ఉంచితేనే సరైన అంకె. ఇక క్యూలో గంటసేపు నిలబడి, మెట్లెక్కి, టోకెన్ పిలవగానే పరుగున వెళ్లి కూర్చున్న వెంటనే చొక్కా చెయ్యి మడిచి చూసే బీపీకి ఏమాత్రం విలువ ఇవ్వాలో మీరే ఆలోచించండి. అయిదు నిమిషాలు కూర్చోబెట్టడానికి ఓపిక లేని చోట కొలవకపోవడమే నయం.

ఇంట్లోనైతే వీపు ఆనించి, పాదాలు నేలకు తాకేలా కూర్చుని, మాట్లాడకుండా, నిమిషం తేడాతో రెండుసార్లు చూసుకోవాలి. అంతకు అరగంట ముందు కాఫీ, సిగరెట్ వద్దు. ఉదయం, సాయంత్రం చొప్పున వారం పాటు రాసి, మొదటిరోజు అంకెలు వదిలేసి మిగతావాటి సగటు తీస్తే, డాక్టర్‌కు క్లినిక్‌లోని ఒక్క అంకె కంటే అదే ఎక్కువ చెబుతుంది. ఇంటి సగటుకు గీత 140/90 కాదు, 135/85. గ్రూపులో రోజూ పెట్టే అంకె కన్నా నెలకోసారి ఈ సగటు పెడితే పిల్లలకూ నిద్ర పడుతుంది.

ఆక్సీమీటర్ వెనుక ఒక జపాన్ ఇంజినీరు ఉన్నాడు. నిహాన్ కోడెన్ సంస్థలో పనిచేసిన తకువో అయోయాగి 1970ల మొదట్లో చెవి దగ్గర కాంతిని పంపి వేరే కొలత ఏదో చేయబోతుంటే, నాడి అడ్డొచ్చి సంకేతాన్ని చెడగొట్టేది. ఆ అడ్డొచ్చే దాన్నే పట్టుకుంటే ధమనిలోని ఆక్సిజన్ తెలుస్తుందని ఆయనకు తట్టింది. 1974లో ప్రపంచానికి చెప్పాడు. వేలికి పెట్టే క్లిప్‌లో ఎర్రని కాంతి ఒకటి, కంటికి కనిపించని పరారుణ కాంతి ఒకటి ఉంటాయి. ఆక్సిజన్ ఉన్న రక్తం, లేని రక్తం ఈ రెంటినీ వేర్వేరు పాళ్లలో పీల్చుకుంటాయి. లోకమంతా ఈ క్లిప్ కోసం వెతుక్కుంటున్న 2020 ఏప్రిల్‌లోనే ఆయన కన్నుమూశాడు.

అయితే కాంతి వేలిలోకి వెళ్లాలంటే చర్మం దాటాలి. ఆ చర్మం రంగు మనుషులందరిలో ఒకటి కాదు. 2020 డిసెంబరులో మిషిగన్ విశ్వవిద్యాలయ వైద్యులు ప్రచురించిన లెక్కల్లో ఇది బయటపడింది. క్లిప్ 92 నుంచి 96 మధ్య చూపిస్తున్నప్పుడు, రక్తం తీసి పరీక్షిస్తే నిజానికి 88 కంటే తక్కువ ఉన్నవారు తెల్లవారిలో 3.6 శాతం, నల్లవారిలో 11.7 శాతం. దాదాపు మూడు రెట్లు. ఈ పరికరాలను సరిచూసేందుకు కనీసం పదిమంది ఆరోగ్యవంతులుంటే చాలనీ, వారిలో ఇద్దరు ముదురు చర్మం వారైతే సరిపోతుందనీ అప్పటిదాకా అమెరికా నియంత్రణ సంస్థ సూచన. 2025 జనవరిలో ఆ సంస్థ కొత్త ముసాయిదా తెచ్చింది. రకరకాల చర్మపు రంగులున్న కనీసం 150 మందిపై పరీక్షించాలని అందులో ప్రతిపాదించింది. చామనచాయ నుంచి నలుపు దాకా అన్ని ఛాయలూ ఉన్న మన దేశంలో ఈ చర్చ ఇంతకంటే గట్టిగా జరగాల్సింది. జరగలేదు. ఆయాసం ఉన్న మనిషిని 'క్లిప్‌లో 94 ఉందిగా' అని ఇంట్లో కూర్చోబెట్టొద్దు. చల్లబడిన వేళ్లు, ముదురు నెయిల్ పాలిష్ కూడా ఈ క్లిప్‌ను తప్పుదారి పట్టిస్తాయి.

గ్లూకోమీటర్‌కు అంతర్జాతీయ ప్రమాణమే కొంత వెసులుబాటు ఇచ్చింది. షుగర్ 100కు పైన ఉంటే వందలో 95 రీడింగులు ల్యాబ్ విలువకు 15 శాతం అటూ ఇటూగా ఉంటే చాలు. అంటే అసలు 200 ఉంటే 170 చూపినా, 230 చూపినా మీటర్ తప్పు చేసినట్టు కాదు. నిన్న 182, ఇవాళ 194 అని కంగారు పడేవారు ఇది గుర్తుంచుకుంటే సగం గొడవ తగ్గుతుంది. చేతులు కడగకపోవడం మాత్రం మన తప్పే. పండు ఒలిచిన వేలితో అలాగే పొడిస్తే షుగర్ ఎంతో ఎక్కువ వస్తుందనీ, స్పిరిట్ దూదితో తుడిచినా ఆ తీపి పోదనీ, నీళ్లతో కడిగితేనే సరవుతుందనీ జపాన్ వైద్యులు ప్రయోగం చేసి చూపారు. మామిడిపండ్ల కాలంలో ఇన్సులిన్ డోసు పెంచుకునేవారు దీన్ని ఒకసారి తలచుకోవాలి.

ఇంకో కోణం ఉంది. రక్తహీనత ఉన్నవారి చుక్క రక్తంలో ఎర్రకణాలు తక్కువ. అలాంటప్పుడు చాలా మీటర్లు షుగర్‌ను ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తాయి. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ కూడా ఇనుము లోపంలో పైకి జరగొచ్చు. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం మందికి రక్తహీనత. ఇంట్లో ఆడవాళ్లకు షుగర్ అని తేలినప్పుడు హిమోగ్లోబిన్ ఎంతో కూడా చూసిన తర్వాతే మాత్రల మాట మాట్లాడటం న్యాయం. సూదితో పొడవకుండానే షుగర్ చెప్పేస్తామనే వాచీలు, ఉంగరాల జోలికి వెళ్లొద్దు. అలాంటి వాటిలో ఒక్కదానికీ అనుమతి ఇవ్వలేదని 2024 ఫిబ్రవరిలో అమెరికా నియంత్రణ సంస్థ హెచ్చరించింది.

ఒంటి సంగతి వదిలి ఊరి గాలి చూసినా ఇదే తంతు. ఫోన్‌లో రెండు యాప్‌లు ఒకే ఊరికి రెండు అంకెలు చూపిస్తే ఒకటి అబద్ధమనుకుంటాం. పీఎం 2.5 ధూళి ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు ఉంటే మన దేశపు సూచీలో అది 100, పేరు 'సంతృప్తికరం'. అదే గాలికి అమెరికా సూచీ 150 దాటి 'అనారోగ్యకరం' అంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక రోజుకు సూచించిన హద్దు 15 మాత్రమే. గాలి అదే, గీతలు వేరు. ఇంట్లో పెట్టుకునే చవక పరికరాలు ధూళిపై లేజర్ కాంతి చెదరడాన్ని చూసి లెక్కకడతాయి. తేమ ఎక్కువైతే ధూళి కణాలు నీటిని పట్టి ఉబ్బుతాయి, అంకె పెరుగుతుంది. విశాఖ తేమలో, హైదరాబాద్ శీతకాలపు ఉదయాల్లో వీటిని నమ్మేటప్పుడు కాస్త తగ్గించుకోవాలి. ఆస్తమా ఉన్న పిల్లల విషయంలో మాత్రం ఏ యాప్‌లో ఎక్కువ చూపితే దాన్నే నమ్మడం క్షేమం.

పాత పాదరసం బీపీ పరికరానికి ఒక గొప్ప గుణం ఉండేది. అది తన కొలబద్దను తనలోనే మోసేది. గొట్టంలో పాదరసం ఎంత ఎత్తు లేచిందన్నదే కొలత, అందులో అరిగిపోయేది ఏమీ లేదు. పాదరసం విషం కాబట్టి మినమాటా ఒప్పందంతో అది పోవడం సరైనదే. భారత్ 2018లో ఆ ఒప్పందాన్ని ఆమోదించింది. దాని స్థానంలో వచ్చిన ముల్లు డయల్‌లోని స్ప్రింగు, డిజిటల్ మెషీన్‌లోని సెన్సర్ వాడేకొద్దీ దారి తప్పుతాయి. చూడటానికి ఏ తేడా కనిపించదు. కాబట్టి ఏటా సరిచూడటం తప్పనిసరి అయింది. ఆ పని ఎవరు చేస్తున్నారు?

చట్టం లేక కాదు. తూనికలు, కొలతల నిబంధనల్లో బీపీ పరికరాలు, జ్వరం థర్మామీటర్లు ఉన్నాయి. వీటిని ప్రభుత్వం ఆమోదించిన పరీక్షా కేంద్రాల్లో సరిచూడవచ్చని 2013 నిబంధనలు చెబుతున్నాయి. 2021 జనవరి 1 నుంచి బీపీ మెషీన్లు, గ్లూకోమీటర్లు, డిజిటల్ థర్మామీటర్లు ఔషధ చట్టం పరిధిలోకీ వచ్చాయి. కిరాణా కొట్టు కాటాకు ముద్ర ఉందో లేదో చూసే అధికారులు, ఆస్పత్రి ఓపీలోని బీపీ డయల్‌నూ అలాగే చూడాలని అడగడంలో అత్యాశ ఏమీ లేదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల నుంచి కార్పొరేట్ ఆస్పత్రుల దాకా ప్రతి బీపీ పరికరం మీద చివరిసారి సరిచూసిన తేదీతో స్టిక్కర్ ఉండాలి. ప్రతి ఓపీ గదిలో కనీసం మూడు సైజుల పట్టీలుండాలి. ఒక స్కానింగ్‌కు తీసుకునే డబ్బుతో కొన్ని గదులకు సరిపడా పట్టీలు వస్తాయి.

ఈ ఏర్పాటు జరిగేలోగా ఒక పని మన చేతిలో ఉంది. ఈసారి డాక్టర్ దగ్గరకు వెళ్లేటప్పుడు ఇంట్లోని బీపీ మెషీన్‌నూ సంచిలో వేసుకెళ్లండి. ముందు ఆయన పరికరంతో, నిమిషం ఆగి మీ మెషీన్‌తో, మళ్లీ నిమిషం ఆగి ఆయనదానితో చూడమనండి. తేడా అయిదు పాయింట్లలోపు ఉంటే నిశ్చింతగా వాడుకోవచ్చు. పది దాటితే పట్టీ సైజు, బ్యాటరీలు చూసి మరోసారి ప్రయత్నించండి. అప్పటికీ అంతే ఉంటే మీ మెషీన్‌ను మార్చే ముందు, ఆ క్లినిక్ పరికరాన్ని ఎప్పుడు సరిచూశారో కూడా మర్యాదగా అడగండి.