ర్యాంకు లేని ఒక్క శనివారం



పేరెంట్స్ మీటింగ్ రోజున మ్యాథ్స్ టీచర్ దగ్గరికి వచ్చేవాళ్లు ముందుగా అడిగేవి రెండు ప్రశ్నలు: "మావాడికి ఎన్ని మార్కులొచ్చాయి? సెక్షన్‌లో ఎన్నో ర్యాంకు?" అడగడంలో తప్పేమీ లేదు. ఫీజు కట్టి, తెల్లవారకముందే లేచి క్యారేజీ సర్ది పంపేవాళ్లకు ఆ లెక్క తెలియాల్సిందే. అయితే మూడో ప్రశ్న ఒకటుంది. "ఈ నెల మా పాప లెక్కల్లో ఏం అడిగింది?" అన్నది నాకు ఇంతవరకు ఎవరి నోటా వినపడలేదు. ఆ ప్రశ్న కోసం మన స్కూల్లో ఏడాదికి ఒక శనివారం కేటాయించాలని నా అభిప్రాయం. ఆ రోజు టెస్ట్ ఉండదు, ఒలింపియాడ్ ఉండదు. పిల్లలే ఏర్పాటు చేసి, పిల్లలే మాట్లాడే చిన్న గణిత సదస్సు ఉంటుంది.

పెద్దవాళ్లు ఈ పని ఎప్పటినుంచో చేస్తున్నారు. మొదటి అంతర్జాతీయ గణిత మహాసభ 1897లో స్విట్జర్లాండ్‌లోని జ్యూరిచ్‌లో జరిగింది. ఇప్పుడు నాలుగేళ్లకోసారి ఒక్కో దేశంలో జరుగుతోంది. భారతదేశానికి ఆ అవకాశం ఒక్కసారే వచ్చింది, అదీ మన హైదరాబాద్‌కే. 2010 ఆగస్టు 19 నుంచి 27 వరకు ఇంటర్నేషనల్ కన్వెన్షన్ సెంటర్‌లో ఆ సభ జరిగినప్పుడు ప్రపంచం నలుమూలల నుంచి గణితవేత్తలు వచ్చారు. 2006లోనే హైదరాబాద్ పేరు ఖరారైంది. అంటే తొమ్మిది రోజుల సభకు నాలుగేళ్ల ముందస్తు పని! ఎవరు మాట్లాడాలో నిర్ణయించడానికి ఒక కమిటీ, ప్రయాణ ఖర్చులు పెట్టుకోలేని దేశాల వాళ్లకు సాయం, దానికి అనుబంధంగా వేరే ఊళ్లలో చిన్న సదస్సులు... ఇవన్నీ ఆ పనిలో భాగమే.

"అక్కడా మెడల్స్ ఇచ్చారు కదా" అని మీరు అనవచ్చు. ఇచ్చారు. నలభై ఏళ్లలోపు వారికి ఇచ్చే ఫీల్డ్స్ మెడల్‌ను ఆనాటి రాష్ట్రపతి ప్రతిభా పాటిల్ చేతుల మీదుగా నలుగురు అందుకున్నారు: ఎలాన్ లిండెన్‌స్ట్రాస్, ఎన్గో బావో చావ్, స్టానిస్లావ్ స్మిర్నోవ్, సెడ్రిక్ విలానీ. ఆ కార్యక్రమం మొదటి రోజే ముగిసిపోయింది. మిగిలిన రోజులన్నీ వినడానికి, అడగడానికి, పోస్టర్ల ముందు నిలబడి వాదించుకోవడానికే. మన పిల్లలకు మెడల్ రోజు గురించి బాగా తెలుసు. ఆ మిగిలిన రోజుల సంగతే తెలియదు.

ఈ సభల చరిత్రలో రెండు సంఘటనలు నేను క్లాసులో తరచూ చెబుతుంటాను. 1900లో పారిస్ సభలో డేవిడ్ హిల్బర్ట్ ఒక ప్రసంగం చేశారు. తాను సాధించినవాటి గురించి కాకుండా, అప్పటికి ఎవరికీ తెగని లెక్కల గురించి మాట్లాడారు. అచ్చులో వచ్చేసరికి ఆ జాబితాలో 23 సమస్యలు ఉన్నాయి. వాటిలో ఎనిమిదో దానిలోని రీమన్ ప్రతిపాదన ఈ రోజుకీ తేలలేదు. గణిత సభల్లో అన్నిటికంటే ఎక్కువగా తలుచుకునే ప్రసంగం ఒక ప్రశ్నపత్రం!

రెండోది ఆండ్రూ వైల్స్ కథ. మూడు వందల ఏళ్లకు పైగా ఎవరికీ లొంగని ఫెర్మా చివరి సిద్ధాంతాన్ని నిరూపించానని ఆయన 1993 జూన్‌లో కేంబ్రిడ్జ్‌లో ప్రకటించారు. ఆ నిరూపణను పరిశీలించినవాళ్లు ప్రశ్న మీద ప్రశ్న అడుగుతూ పోతే ఒకచోట ఖాళీ బయటపడింది. 1994 ఆగస్టులో జ్యూరిచ్‌లో జరిగిన మహాసభలో ఆయన ప్రసంగించే నాటికి ఆ ఖాళీ ఇంకా పూడలేదు. అయినా ఆయన వేదిక ఎక్కారు. తర్వాతి నెలలోనే దారి దొరికింది. ఒక స్టెప్ మిగిలిపోయిందని మన పిల్లలు పేపర్ దాచేసుకుంటారు. ఆ స్టెప్ గురించి పదిమంది ముందు మాట్లాడటం కూడా గణితంలో భాగమేనని వాళ్లకు చూపించాలి.

ఇక మన శనివారం ఎలా ఉండాలో చెబుతాను. ఒక హాలు, పన్నెండు మంది పిల్లలు చాలు. ఒక్కొక్కరు ఒక్క ప్రశ్న ఎంచుకుంటారు. ఎనిమిది నిమిషాలు చెప్పాలి, నాలుగు నిమిషాలు ఎదుటివాళ్ల ప్రశ్నలు వినాలి. ఎవరు మాట్లాడాలో ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లల కమిటీ నిర్ణయిస్తుంది. మైకు, కుర్చీలు, టైమ్ చూసుకోవడం కూడా వాళ్ల బాధ్యతే.

ప్రశ్నలు ఎక్కడినుంచి వస్తాయంటారా? మీ ఇంటి గుమ్మం ముందు నుంచే. సంక్రాంతికి 7 సందు చుక్కలు పెట్టి, పైకీ కిందికీ ఒక్కొక్కటి తగ్గిస్తూ 1 వచ్చేవరకు పెడతారు కదా. మొత్తం ఎన్ని చుక్కలు? 49. అంటే 7 ఏడ్లు. 9తో మొదలుపెడితే 81. ఎప్పుడూ అలాగే ఎందుకు వస్తుంది? మా ఆరో తరగతిలో ఒక అమ్మాయి కాగితాన్ని మూల మీద నిలబెట్టినట్టు తిప్పి, "టీచర్, ఇది 7 వరుసలు, 7 నిలువులు ఉన్న చదరమే, పక్కకు తిరిగి కూర్చుంది" అంది. ఏ వీక్లీ టెస్ట్‌లోనూ ఆ మాటకు మార్కులు లేవు. కానీ ఆ పాప ఆ రోజు చేసింది నిజమైన గణితం.

మీ సందేహాలు నాకు తెలుసు. ఫౌండేషన్ క్లాసులు వెనకబడతాయేమో అంటారు. వేగం అవసరమే. ఎంట్రన్స్ పరీక్షల్లో గడియారంతో పోటీ తప్పదు, మేమూ అందుకే ప్రాక్టీస్ చేయిస్తున్నాం. కానీ 9తో భాగించే సూత్రం ఎందుకు పనిచేస్తుందో ఒకసారి నలుగురికి చెప్పిన పిల్లవాడు దాన్ని పరీక్షలో మర్చిపోడు. దానికి ఏడాదిలో ఒక్క శనివారం ఖర్చు పెట్టడం ఎక్కువేమీ కాదు.

మూడు షరతులు మాత్రం గట్టిగా కోరుతున్నాను. ఒకటి, ఫస్ట్, సెకండ్ ప్రైజులు వద్దు. రెండు, షాపులో దొరికే రెడీమేడ్ చార్టులు, అమ్మానాన్నలు గీసిన చార్టులు వద్దు. మూడు, పిల్లలు తెలుగులో చెబుతామంటే చెప్పనివ్వాలి. ఇంగ్లీష్ మీడియం టీచర్‌గా ఉంటూనే ఈ మాట అంటున్నాను. ఇంగ్లీష్ నేర్పే బాధ్యత మాది, ఆ పని రోజూ చేస్తున్నాం. హైదరాబాద్‌లో ఫీల్డ్స్ మెడల్ అందుకున్న నలుగురిలో ఎవరికీ ఇంగ్లీష్ మాతృభాష కాదు. ఆలోచన ముందు తనకు తెలిసిన భాషలో నిలబడితే, తర్వాత ఏ భాషలోకైనా నడుస్తుంది.

మీకు ఈ ఆలోచన నచ్చితే రెండు పనులు చేయండి. సరేనని మీ పిల్లల డైరీలో ఒక వాక్యం రాసి క్లాస్ టీచర్‌కు పంపండి. ఈ రాత్రి భోజనాల దగ్గర మార్కుల సంగతి పక్కనపెట్టి, "లెక్కల్లో నీకు అర్థం కానిది ఒకటి చెప్పు" అని అడగండి. వాళ్లు చెప్పింది కూడా ఆ వాక్యం కిందే రాయండి. మన సదస్సుకు ప్రశ్నల జాబితా అక్కడినుంచే తయారుచేద్దాం.